విడుదలైన మనిషికి పని అతని సొంత జిల్లాలోనే సిద్ధంగా ఉండాలి

సంపాదకులకు,

అయ్యా,

నేను ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు శిక్షణాధికారిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. ఉద్యోగంలో ఉన్నప్పుడు కొన్నేళ్ళపాటు వారానికి రెండు రోజులు ఒక కేంద్ర కారాగారానికి వెళ్ళి అక్కడి ఖైదీలకు వైరింగు పని నేర్పాను. జైలు నుంచి విడుదలైనవారి ఉపాధి గురించి మన పత్రికల్లో వచ్చే వార్తలు చాలావరకు శిక్షణ తరగతుల ప్రారంభం గురించో, కుట్టుమిషన్ల పంపిణీ గురించో ఉంటాయి. ఆ తరగతిలో కూర్చున్న మనిషి విడుదలైన ఆరు నెలలకు ఏ ఊళ్ళో ఉన్నాడో, ఏ పని చేస్తున్నాడో చెప్పే వార్త మాత్రం నా కంట పడలేదు. ఆ ఆరు నెలల గురించి, ఆ సమయంలో జిల్లా స్థాయిలో చేయగలిగినదాని గురించి మీ పత్రిక ద్వారా కొన్ని మాటలు చెప్పదలచుకున్నాను.

నా దగ్గర పని నేర్చుకున్నవారిలో ఒక యువకుడు బాగా గుర్తుండిపోయాడు. చేతి నేర్పు ఉన్నవాడు. గోడలో పైపులు వేసి చేసే వైరింగు, స్విచ్ బోర్డు బిగింపు, ఎర్తింగు, మీటరు కనెక్షను అన్నీ తోటివారికంటే ముందే పట్టుకున్నాడు. పరీక్ష పాసయ్యాడు, సర్టిఫికెట్టు వచ్చింది, శిక్షాకాలం ముగిసి వెళ్ళిపోయాడు. రెండేళ్ళ తర్వాత ఒక మార్కెట్ యార్డులో బస్తాలు మోస్తూ కనిపించాడు. నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టాడు. "నేర్చుకున్న పని ఏమైందయ్యా?" అని అడిగాను. "మాది మెట్ట, సార్. మా ఊళ్ళో ఏడాదికి రెండో మూడో ఇళ్ళు లేస్తాయి. వాటికి వైరింగు చేసేవాళ్ళు ముందునుంచీ ఉన్నారు. ఎండాకాలం వస్తే కాలిపోయే బోరు మోటార్లు మాత్రం వారానికి పది ఉంటాయి. మోటారు చుట్టడం వచ్చి ఉంటే ఎవరో ఒకరు పెట్టుకునేవాళ్ళు సార్" అన్నాడు.

మోటారు చుట్టడం నాకు తెలియని విద్య కాదు. మా ట్రేడులో అది ఉన్నదే. జైలు వర్క్‌షాపులో అందుకు కావలసిన రాగితీగ, వార్నిషు, కాయిల్ చుట్టే యంత్రం లేవు కాబట్టి ఉన్న సామానుతో నేర్పగలిగింది నేర్పాను. సామాను లేకపోవడం కంటే పెద్ద లోపం మరొకటి ఉంది. అన్ని నెలల్లో ఒక్కసారి కూడా నేను అతన్ని "నీదే ఊరు? వెళ్ళాక అక్కడ ఏ పని దొరుకుతుంది?" అని అడగలేదు. అడగమని నాకు చెప్పినవారూ లేరు. అతని చిరునామా జైలు రిజిస్టరులో ఉంది. అతని మండలంలో ఏ దుకాణానికి పనివాడు కావాలో ఆ మండల కేంద్రంలో అందరికీ తెలుసు. ఈ రెంటినీ కలపడం తన పని అనుకోవలసిన మనిషి మాత్రం మన వ్యవస్థలో ఎక్కడా లేడు. ఆ రోజు మార్కెట్ యార్డు నుంచి ఇంటికి వచ్చినప్పటి నుంచి ఈ విషయం నన్ను వదలలేదు.

ఇది ఒక్క మనిషి విషయం కాదని చెప్పడానికి జైళ్ళు ఎక్కడున్నాయో చూస్తే చాలు. ఆంధ్రప్రదేశ్‌లో రాజమహేంద్రవరం, విశాఖపట్నం, నెల్లూరు, కడపలలో కేంద్ర కారాగారాలు ఉన్నాయి. తెలంగాణలో చంచల్‌గూడ, చర్లపల్లి ప్రధానమైనవి. ఎక్కువ కాలం శిక్ష పడినవారు తమ ఊరి పక్కనున్న సబ్ జైల్లో ఉండరు, అనేక జిల్లాల నుంచి ఈ కొద్ది చోట్లకు చేరతారు. శిక్షణ ఆ చోట జరుగుతుంది, జీవితం మరో చోట మొదలవుతుంది. చర్లపల్లిలో జైలుకు దగ్గరలోనే పెద్ద పారిశ్రామిక వాడ ఉంది. కానీ ఆదిలాబాద్ నుంచి వచ్చిన మనిషి విడుదలైన రోజున అక్కడ గది అద్దెకు తీసుకుని ఫ్యాక్టరీ గేట్ల చుట్టూ తిరగడు. తల్లిదండ్రులు, పిల్లలు, ఉన్న అరెకరం ఎక్కడుంటే అక్కడికి వెళ్తాడు. రాజమహేంద్రవరానికి ఆనుకుని కడియం నర్సరీలు ఉన్నాయి. అంట్లు కట్టడం నేర్చిన ఆ చుట్టుపక్కల మనిషికి ఆ విద్య అన్నం పెడుతుంది. అదే విద్య నేర్చుకుని తీరప్రాంత గ్రామానికి తిరిగి వెళ్ళే మనిషికి చేపల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్ బాగుచేయడమో, ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసర్ చూసుకోవడమో వచ్చి ఉంటే మేలు జరిగేది. కాబట్టి జైల్లో ఏం నేర్పాలన్న నిర్ణయం జైలు లోపల కూర్చుని చేసేది కాదు. ఆ జైలుకు మనుషులు ఏయే జిల్లాల నుంచి వస్తున్నారో ఆ జిల్లాలన్నీ కలిసి చేయవలసిన నిర్ణయం అది. నేను ప్రాంతీయ భాగస్వామ్యం అంటున్నది దీన్నే.

జైళ్ళ శాఖలు ఏమీ చేయలేదని నేను అనడం లేదు. తెలంగాణ జైళ్ళ శాఖ తన ఉత్పత్తులను 'మై నేషన్' పేరుతో అమ్ముతోంది. ఇండియన్ ఆయిల్‌తో కలిసి పెట్రోలు బంకులు నడుపుతూ వాటిలో ఖైదీలతోపాటు విడుదలైనవారికీ పని ఇచ్చింది. 2024 జులైలో ఆ ప్రభుత్వం 213 మందిని ముందస్తుగా విడుదల చేసినప్పుడు వారిలో కొందరికి ఆ బంకుల్లోనే పని చూపించారు. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం జైళ్ళలో అధ్యయన కేంద్రాలు నడపడం వల్ల లోపల ఉండగానే డిగ్రీ పూర్తిచేసినవారు ఉన్నారు. ఢిల్లీ తిహార్ జైలుకు 2011లో కంపెనీలే వెళ్ళి, విడుదల దగ్గరపడినవారిని ఇంటర్వ్యూ చేసి ఉద్యోగాలకు ఎంపిక చేసుకున్నాయి. ఇవన్నీ మెచ్చుకోదగినవి. కానీ పెట్రోలు బంకు ఎన్ని చేతులకు పని ఇవ్వగలదు? జైలు శాఖ తానే యజమాని అయ్యే పద్ధతికి ఒక హద్దు ఉంది. తిహార్ పద్ధతి ఢిల్లీ వంటి మహానగరంలో నడుస్తుంది, ఎందుకంటే అక్కడ జైలు, కంపెనీ, ఇల్లు దాదాపు ఒకే ఊళ్ళో ఉంటాయి. మనకు అవి మూడు వేర్వేరు జిల్లాల్లో ఉన్నాయి.

ఇక శిక్షణ ఎవరికి అందుతోందన్నది మరో ప్రశ్న. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరి నాటికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది, అంటే నూటికి 75 మందికి పైగా, విచారణ ఖైదీలే. నేరం రుజువు కానివారు. కఠిన కారాగార శిక్ష పడినవారికి పని విధిగా ఉంటుంది. విచారణ ఖైదీకి పని విధి కాదు, అతను తనంతట తాను కోరితే తప్ప వర్క్‌షాపు వైపు వచ్చే అవసరం లేదు. పైగా అతని విడుదల తేదీ ఎవరికీ తెలియదు. బెయిలు ఉత్తర్వు సాయంత్రం అందితే ఆ పూటే సంచి సర్దుకుని వెళ్ళిపోతాడు. ఆరు నెలల కోర్సులో మూడో నెల వెళ్ళిపోయినవారు నా తరగతుల్లో ఎందరో ఉన్నారు. వారి బల్ల ఖాళీ అయ్యేది, హాజరు పట్టీలో పేరు కొట్టేసేవాళ్ళం. బయట వారి జిల్లాలోని ఐటీఐలో అదే కోర్సు మిగతా మూడు నెలలు కొనసాగించే ఏర్పాటు ఉంటే ఆ చదువు వృథా అయ్యేది కాదు. ఒకే శాఖ కింద, ఒకే పాఠ్యక్రమంతో నడిచే సంస్థల మధ్య ఇది కష్టమైన పని కాదని ఆ శాఖలో జీవితం గడిపినవాడిగా చెప్పగలను.

బయటికి వచ్చిన తర్వాత ఏం జరుగుతుందో ఆ యువకుడూ, అతని తర్వాత నేను వెతికి పట్టుకుని మాట్లాడిన మరికొందరూ చెప్పినదాన్ని బట్టి రాస్తున్నాను. పని అడగడానికి ముందే కాగితాల దగ్గర ఆగిపోతారు. నాలుగైదేళ్ళు లోపల ఉన్న మనిషి పాత సెల్ నంబరు ఎప్పుడో మరొకరికి వెళ్ళిపోయి ఉంటుంది, ఆధార్‌లో ఆన్‌లైన్‌లో మార్పు చేసుకోవాలంటే ఓటీపీ ఆ నంబరుకే వెళ్తుంది. రెండేళ్ళకు మించి లావాదేవీ లేని బ్యాంకు ఖాతా స్తంభించిపోతుంది, దాన్ని తెరిపించాలంటే మళ్ళీ కేవైసీ. డ్రైవరుగా బతికినవాడి లైసెన్సు గడువు దాటి ఏడాది మించిపోతే రెన్యువల్ కుదరదు, పరీక్ష మళ్ళీ ఇవ్వాలి. ఉపాధి హామీ జాబ్‌కార్డు, రేషను కార్డు సంగతి సరేసరి. వీటిలో ఒక్కొక్కటి చిన్న పనే. అన్నీ కలిపి చేయించుకోవడానికి మండల కేంద్రానికి, జిల్లా కేంద్రానికి పది పన్నెండు సార్లు తిరగాలి, తిరిగిన ప్రతిరోజూ కూలి పోతుంది. ఈ పనంతా విడుదలకు మూడు నెలల ముందే జైలు లోపల ఒక శిబిరం పెట్టి పూర్తి చేయవచ్చు. ఆధార్ యంత్రాన్ని గ్రామాలకు తీసుకెళ్ళగలిగినప్పుడు జైలు గేటు దాటించడం అసాధ్యమేమీ కాదు.

కాగితాలు సిద్ధమయ్యాక వాయిదాల సమస్య వస్తుంది. బెయిలు మీద బయటికి వచ్చిన మనిషి ప్రతి వాయిదాకూ కోర్టుకు వెళ్ళాలి. చాలామందికి వారానికో, పదిహేను రోజులకో పోలీసు స్టేషనుకు వెళ్ళి సంతకం పెట్టాలన్న షరతు కూడా ఉంటుంది. సోమవారం ఉదయం పదింటికి స్టేషన్లో సంతకం పెట్టవలసిన మనిషిని ఏ షెడ్డు యజమాని ఉదయం షిఫ్టులో పెట్టుకుంటాడు? "ఎందుకు సెలవు?" అని అడిగితే ఏం చెప్పాలి? నిజం చెబితే పని పోతుంది, చెప్పకపోతే అబద్ధం ఆడినవాడవుతాడు. ఇక్కడ చట్టంలో దారి ఉంది. వ్యక్తిగత హాజరు నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం న్యాయస్థానానికి ఇదివరకటి నేర ప్రక్రియ స్మృతిలోనూ ఉంది, ఇప్పుడు అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 355వ సెక్షన్‌లోనూ ఉంది. సంతకం పెట్టే వేళను సాయంత్రానికి మార్చమని కూడా కోరవచ్చు. ఆ పిటిషను వేయడానికి అతని దగ్గర వకీలు ఫీజు ఉండదు. 1987 చట్టం కింద ఏర్పడిన న్యాయ సేవాధికార సంస్థ ప్రతి జిల్లాలో ఉంది, ఉచితంగా న్యాయవాదిని ఇవ్వగలదు. కానీ పని దొరికే అవకాశం ఉందన్న సంగతి ఆ సంస్థకు చెప్పేవారు లేరు, ఆ సంస్థ సాయం చేయగలదన్న సంగతి యజమానికి చెప్పేవారూ లేరు.

ఇతర దేశాల్లో దీన్ని ఎలా చేశారో నేను కొంత చదివాను. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2018లో జైలు నుంచి ఉపాధికి అన్న అర్థం వచ్చే పేరుతో ఒక కార్యక్రమం చేపట్టి దానికి 3.7 కోట్ల డాలర్లు కేటాయించింది. అందులో నన్ను ఆకట్టుకున్నది ఆ డబ్బు మొత్తం కాదు, దాన్ని ఎవరి చేతికి ఇచ్చారన్నది. రాష్ట్రాన్ని కార్మిక అవసరాలను బట్టి ప్రాంతాలుగా విభజించుకుని, ఒక్కొక్క ప్రాంతంలోని ఉపాధి మండళ్ళు, జైళ్ళ శాఖ, విడుదలైనవారినీ, జైలుకు పంపకుండా కోర్టు వదిలినవారినీ పర్యవేక్షించే పెరోల్, ప్రొబేషన్ అధికారులు, విడుదలైనవారి మధ్య పనిచేసే స్థానిక సంఘాలు కలిసి ఆ ప్రాంతానికి తగిన ప్రణాళిక రాసుకున్నాయి. ఆ ఉపాధి మండళ్ళలో ఎక్కువమంది సభ్యులు స్థానిక వ్యాపారులు, పరిశ్రమల ప్రతినిధులే ఉండాలని అక్కడి 2014 కేంద్ర చట్టం చెబుతుంది. అంటే ఏ పనికి మనుషులు కావాలో తెలిసినవారూ, ఏ మనుషులు ఎప్పుడు బయటికి వస్తున్నారో తెలిసినవారూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. అదే రాష్ట్రంలో 2018 నుంచి అమల్లోకి వచ్చిన మరో చట్టం ప్రకారం, అయిదుగురు లేక అంతకు మించి ఉద్యోగులున్న యజమాని, అభ్యర్థిని షరతులతో ఎంపిక చేసేదాకా అతని నేర చరిత్ర అడగకూడదు. జైల్లో ఉండగా అడవుల మంటలు ఆర్పడంలో శిక్షణ పొంది, ప్రాణాలకు తెగించి పనిచేసినవారు బయటికి వచ్చాక పాత శిక్ష కారణంగా అదే వృత్తిలో చేరలేకపోతున్నారని గ్రహించి, అలాంటివారు తమ శిక్ష రికార్డును కొట్టివేయమని కోర్టును కోరే వీలు 2020లో కల్పించారు. వారి డబ్బు మనకు లేదు, విడుదలైన ప్రతివాడి మీదా పర్యవేక్షణ ఉండే వారి పెరోల్ పద్ధతీ మనది కాదు. అది మనకు అక్కర కూడా లేదని నా అభిప్రాయం. ప్రాంతాల వారీగా ఒక బల్ల వేసుకోవడం మాత్రం మనం ఈ నెలలోనే చేయవచ్చు.

ఆ బల్ల కోసం కొత్త సంస్థ పెట్టమని నేను అడగడం లేదు. జిల్లా కలెక్టరు అధ్యక్షతన జిల్లా నైపుణ్య కమిటీలు ఇప్పటికే ఉన్నాయి. అందులో ఐటీఐ ప్రిన్సిపాలు, ఉపాధి కల్పనాధికారి, పరిశ్రమల శాఖ వారు కూర్చుంటారు. ఆ కమిటీలోకి జైలు అధికారిని, ప్రొబేషన్ అధికారిని, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శిని, జిల్లాలోని బ్యాంకులను సమన్వయం చేసే లీడ్ బ్యాంకు మేనేజరును పిలవాలి. వీరితోపాటు, నా దృష్టిలో వీరందరికంటే ముఖ్యంగా, ఆటోనగర్ మెకానిక్కుల సంఘం, రైసు మిల్లర్ల సంఘం, బిల్డర్ల సంఘం, కాలిన మోటార్లు చుట్టే రీవైండింగు దుకాణాలవారు రావాలి. పెద్ద కంపెనీల మానవ వనరుల విభాగాలకు పోలీసు వెరిఫికేషన్ నిబంధనలు ఉంటాయి, అవి సడలడానికి ఏళ్ళు పడుతుంది. ఇద్దరు ముగ్గురు పనివాళ్ళతో నడిచే షెడ్డు యజమాని తన సొంత నిర్ణయం తీసుకోగలడు. మన దగ్గర పని ఉన్నది ఆ షెడ్డులోనే.

కేంద్ర కారాగారం ఉన్న జిల్లా కమిటీ ఆ జైలుకు ఖైదీలను పంపే జిల్లాల కమిటీలతో మూడు నెలలకోసారి కలవాలి. విడుదల దగ్గరపడినవారి జాబితాను, వారి వారి సమ్మతితో, వారి సొంత జిల్లాకు ముందుగానే అందించాలి. సమ్మతి అన్న మాటను నేను నొక్కి చెబుతున్నాను. తన ఊరివారికి ఎక్కడున్నాడో తెలియకుండా బతకదలచినవాడి పేరు ఏ జాబితాలోనూ వెళ్ళకూడదు. అదే విధంగా జైల్లో పొందిన శిక్షణ సర్టిఫికెట్టు మీద ఆ జైలు పేరు ఉండకూడదు. పరీక్ష పెట్టిన సంస్థ పేరు ఉంటే చాలు. నేను సంతకం చేసిన కాగితమే ఒకరి పని పోగొట్టకూడదు కదా.

యజమానుల భయం గురించి కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. పైన చెప్పిన యువకుణ్ని ఒక రీవైండింగు దుకాణం యజమాని సహాయకుడిగా పెట్టుకుని మూడు వారాలకే పంపేశాడని తర్వాత తెలిసింది. ఆయన పేరు, ఊరు ఇక్కడ అనవసరం. నేను వెళ్ళి మాట్లాడాను. చెడ్డమనిషి కాదు. "రైతుల పొలాలకు, ఇళ్ళకు మనిషిని పంపాలి మాస్టారూ. ఏదైనా వస్తువు పోయిందంటే, తీసింది ఎవరైనా సరే, ముందు వీడి పేరే వస్తుంది. నా కొట్టు మూసుకోవాలి" అన్నాడు. ఆ మాటలో అతని మీద ద్వేషం లేదు, తన వెనక ఎవరూ నిలబడరన్న దిగులు ఉంది. ఆ దిగులు తీర్చడం సాధ్యమే. అమెరికాలో 1966 నుంచి ఇలాంటి యజమానులకు మొదటి ఆరు నెలలు ప్రభుత్వమే ఒక బాండు ఇచ్చి, దొంగతనం వంటి నష్టం జరిగితే భరించే పద్ధతి ఉంది. మన రాష్ట్రాలు చిన్న మొత్తంతో ఒక జిల్లా పూచీ నిధి పెట్టలేవా? అంతకంటే తేలికైన సాయం కూడా ఉంది. మన అప్రెంటిస్ పథకంలో కేంద్రం స్టైపెండులో నాలుగో వంతు, నెలకు గరిష్ఠంగా 1,500 రూపాయల దాకా, భరిస్తుంది. అర్హత ఉన్న విడుదలైనవారిని ఆ పథకంలో చేర్పిస్తే యజమానికి కొంత ఊరట, పనివాడికి చేతి కింద నేర్చుకునే ఏడాది కాలం దొరుకుతాయి. వీటన్నింటికంటే మించినది, అనుమానం వచ్చిన రోజున ఆ యజమాని ఫోను చేస్తే ఎత్తి, వచ్చి కూర్చుని మాట్లాడే ఒక మనిషి. ఆ రోజు అలాంటి మనిషి ఉండి ఉంటే ఆ మూడు వారాలు మూడేళ్ళు అయ్యేవని నేను నమ్ముతున్నాను.

ఏ తప్పూ చేయని లక్షలమంది యువకులు పని లేక తిరుగుతుంటే తప్పు చేసినవారికి ఈ ఆదరణ ఎందుకని కొందరు పాఠకులు అడగవచ్చు. ఈ ప్రశ్న అన్యాయమైనది కాదు. దెబ్బతిన్న కుటుంబం వైపు నుంచి వచ్చినప్పుడు దానికి తలవంచి జవాబు చెప్పాలి. ఇక్కడ అడుగుతున్నది ఎవరి ఉద్యోగంలోనూ వాటా కాదు, రిజర్వేషనూ కాదు. కోర్టు విధించిన శిక్ష ఇన్ని సంవత్సరాలని. ఆ సంవత్సరాలు పూర్తయ్యాక దానికి ఊరు మరో శిక్ష చేర్చకూడదన్నదే. తిండి దొరకనివాడు మళ్ళీ తప్పుదారి పడితే నష్టపోయేది మరో ఇల్లే. 1998లో సుప్రీంకోర్టు ఖైదీల వేతనాల మీద తీర్పు ఇస్తూ, ఆ వేతనంలో కొంత భాగం బాధితుల కోసం పక్కన పెట్టే ఆలోచనను ముందుకు తెచ్చింది. సంపాదించేవాడే చెల్లించగలడు కాబట్టి, బాధితుడి మేలుకూ ఖైదీ పనికీ విరోధం లేదని నేను అనుకుంటాను. కొన్ని నేరాలకు కొన్ని చోట్ల తలుపులు మూసి ఉంచవలసిందే. పిల్లల మీద నేరం చేసినవాణ్ని బడిలోనో హాస్టల్లోనో పెట్టమని ఎవరూ అనరు. కానీ ఆ ఒక్క కారణం చూపించి ప్రతి తలుపూ మూయడం వేరు.

చట్టం కూడా ఇంత కఠినంగా లేదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, మందలింపుతోనో సత్ప్రవర్తన బాండు మీదనో కోర్టు వదిలిపెట్టినవారికి దోషిగా తేలిన కారణంగా ఏ అనర్హతా అంటదు. ఈ సంగతి తెలియక దరఖాస్తు ఫారాల్లో తమను తామే అనర్హులుగా రాసుకుంటున్నవారిని నేను చూశాను. ఉద్యోగ ఫారంలో కేసు వివరాలు దాచిన వ్యవహారాలపై 2016లో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, వివరాలు నిజంగా చెప్పాలంటూనే, స్వల్పమైన కేసుల్లో యజమాని వయసునూ నేర స్వభావాన్నీ చూసి ఉదారంగా ఉండవచ్చని చెప్పింది. అంతకు చాలాముందు, 1977లో, మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళిన ఒక కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ శిక్ష తగ్గిస్తూ, ఆ ఖైదీకి యాంత్రికమైన, కించపరిచే పని కాకుండా అతని బుద్ధికి తగిన పని ఇవ్వాలని జైలు అధికారులను ఆదేశించారు. జైళ్ళ సంస్కరణలపై జస్టిస్ ముల్లా నాయకత్వంలోని జాతీయ కమిటీ 1983లో ఇచ్చిన నివేదికలో విడుదల తర్వాతి సంరక్షణ గురించి మాట్లాడింది. 2023లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా జైళ్ళ చట్టంలోనూ విడుదల తర్వాతి పునరావాసానికి చోటు ఉంది. జైళ్ళు రాష్ట్ర జాబితాలోని అంశం కాబట్టి ఆ నమూనాను చట్టం చేయవలసింది, చేసి అమలు జరపవలసింది మన రెండు శాసనసభలే.

స్త్రీల సంగతి విడిగా చెప్పక తప్పదు. జైలు నుంచి వచ్చిన మగవాణ్ని ఇంట్లోకి రానిచ్చే కుటుంబాలు కూడా అదే కారణంతో ఆడమనిషిని గుమ్మం బయటే నిలబెట్టడం నేను విన్నాను. ఆమెకు ఇచ్చే కుట్టుమిషను పెట్టుకోవడానికి ముందు ఒక గది కావాలి. ఇక్కడ మనకు మరే రాష్ట్రానికీ తీసిపోని బలం ఉంది: ప్రతి ఊళ్ళో డ్వాక్రా సంఘాలు ఉన్నాయి. ఆమె జైలుకు వెళ్ళకముందు సభ్యురాలిగా ఉన్న సంఘమే ఆమెను మళ్ళీ చేర్చుకుంటే, పొదుపు, అప్పు, తోడు మూడూ ఒకేసారి తిరిగి వస్తాయి. ఆ సంఘంతో మాట్లాడవలసిన గ్రామ సమాఖ్య నాయకురాలికి ఆమె విడుదల కబురు ముందుగా అందాలి. మండల సమాఖ్య ప్రతినిధిని జిల్లా బల్ల దగ్గరికి పిలవకపోతే ఆ కబురు అందదు.

నిరుపేద ఖైదీల జరిమానాకు, విచారణ ఖైదీల పూచీకత్తుకు డబ్బు ఇచ్చే కేంద్ర పథకం 2023లో వచ్చింది. దాని కింద జిల్లా స్థాయిలో అధికారుల కమిటీ ఒక్కొక్క ఖైదీ పరిస్థితిని విడిగా పరిశీలిస్తుంది. డబ్బు కట్టలేక లోపల ఉండిపోయినవాడు బయటికి వచ్చిన మర్నాడు కూడా డబ్బు లేనివాడే. అతని కాగితం ఆ కమిటీ ముందుకు వచ్చిన రోజునే "ఏ పని వచ్చు? ఏ ఊరు వెళ్తాడు? అక్కడ ఎవరితో మాట్లాడాలి?" అన్న మూడు ప్రశ్నలు కూడా రాసుకుంటే, జవాబులు నైపుణ్య కమిటీకి పంపితే, ఖర్చు ఒక కవరు ఖరీదు.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకు నా విన్నపం ఇది. ఒక్కొక్క రాష్ట్రంలో ఒక కేంద్ర కారాగారాన్ని, దానికి ఖైదీలను పంపే జిల్లాలను తీసుకుని ఏడాదిపాటు ఈ పద్ధతి నడిపి చూడండి. ఎందరికి శిక్షణ ఇచ్చామన్న లెక్క కాకుండా, విడుదలైన ఆరో నెలలో, పన్నెండో నెలలో ఎందరు పనిలో ఉన్నారన్న లెక్క ప్రచురించండి. నాలాగా పదవీ విరమణ చేసిన ఐటీఐ శిక్షణాధికారులు ప్రతి జిల్లాలో ఉన్నారు, దుకాణాలవారితో పరిచయాలు ఉన్నవారు. యజమాని ఫోను చేస్తే ఎత్తే మనిషిగా పనిచేయడానికి వారిలో చాలామంది జీతం అడగరు. నా జిల్లాలో పిలిస్తే నేను వస్తాను. మోటారు చుట్టడం నేర్పే సామాను ఇప్పిస్తే నేర్పుతాను కూడా. మార్కెట్ యార్డులో కనిపించిన ఆ యువకుడు ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలు మా ఇంటికి వచ్చి ఆ పని నేర్చుకుంటున్నాడు; అతని మండలంలో ఒక్క దుకాణం తలుపు తెరిపించడానికి నేను ఇంకా తిరుగుతూనే ఉన్నాను.

భవదీయుడు,
విశ్రాంత ఐటీఐ శిక్షణాధికారి